ఒహాయో హాఫ్‌టైమూ, మా సూర్యాపేట బ్యాండు మేళమూ

2007లో మా కంపెనీ వాళ్ళు ఆన్‌సైట్ అని చెప్పి నన్ను ఒహాయోలోని కొలంబస్‌కి పంపించారు. అక్కడ శనివారం వచ్చిందంటే ఊరు ఊరంతా ఎర్ర చొక్కాలు తొడుక్కుని ఫుట్‌బాల్ స్టేడియం మీద పడుతుంది. మన ఫుట్‌బాల్ కాదు లెండి, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్. నా పక్క క్యూబులో కూర్చునే ఒకాయన దగ్గర ఒక టికెట్టు మిగిలితే నన్ను లాక్కెళ్ళాడు. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం. మా పెద్దగట్టు జాతర తర్వాత ఒక్కచోట అంతమంది జనాన్ని చూడటం నాకదే.

ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. సగం అయ్యాక విజిల్ వేశారు. ఇంటర్వెల్ కదా, ఏదైనా తిందామని లేవబోతే మా వాడు భుజం పట్టి కూర్చోబెట్టాడు. "ఇప్పుడే కదా చూడాల్సింది" అన్నాడు. కాలేజీ ఆటల్లో హాఫ్‌టైమ్ 20 నిమిషాలు. రెండొందల పైచిలుకు కుర్రాళ్ళు, అమ్మాయిలు బూరలూ డ్రమ్ములూ పట్టుకుని మైదానంలోకి వచ్చారు. వాయిస్తూనే నడుస్తున్నారు, నడుస్తూనే బొమ్మలు గీస్తున్నారు. ఒక్కడు కూడా ఇంకొకడికి తగలడు.

నిజం చెప్పొద్దూ, నా బుర్రలోకి వచ్చిన మొదటి ఆలోచన మాత్రం ఇది: "ఇదేంటి, మా ఊరి పెళ్ళి మేళం డ్రెస్సు వీళ్ళేసుకున్నారు!" భుజాల మీద పట్టీలు, ఛాతీ మీద అడ్డబద్దీలు, నెత్తిన టోపీ... రంగు తేడా తప్పితే సూర్యాపేటలో లగ్గాల సీజన్లో రోడ్డు మీద కనపడే కోటు అదే.

ఆ పోలిక ఊరికే వచ్చింది కాదని తర్వాత చదివితే తెలిసింది. రెండింటి తాతా ఒక్కడే, సైన్యం. యూరప్ సైన్యాల్లో అడుగు కలిపి నడిపించడానికి పెట్టిన బ్యాండు ఒక పక్క అమెరికా కాలేజీల్లోకి పోయింది, ఇంకో పక్క బ్రిటిష్ పటాలాలతో పాటు మనదేశానికి వచ్చింది. అక్కడ అది చదువుకునే పిల్లల చేతికి చిక్కింది. మన దగ్గర ఎవరి చేతికి చిక్కిందో చెప్పడానికే ఈ టపా.

ముందు అక్కడి కథ. మొదట్లో అక్కడి కాలేజీ బ్యాండు చేసే పనల్లా సిపాయిల్లా వరసలో నడవడం, వాయించడం. 1907లో రెండు సంగతులు జరిగాయి. ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళు మొట్టమొదటి హాఫ్‌టైమ్ ప్రదర్శన తమదే అని చెప్పుకుంటారు. అదే ఏడాది పర్డ్యూ బ్యాండు పటాలం వరసలు విడగొట్టి మైదానంలో 'పి' అక్షరం ఆకారంలో నిలబడింది. అంతే, ఇక ఎవరి కాలేజీ అక్షరం వాళ్ళు రాయడం మొదలుపెట్టారు. ఒహాయో స్టేట్ వాళ్ళు 1936లో రాష్ట్రం పేరంతా గొలుసుకట్టు రాతలో, నడుస్తూ రాశారు. ఆ పేరులో 'ఐ' మీద చుక్క ఉంటుంది కదా, ఒంటికి చుట్టుకునే పెద్ద బాకా (సూసాఫోన్ అంటారు) వాయించే సీనియర్ ఒకడు ఒయ్యారంగా నడుచుకుంటూ వెళ్ళి ఆ చుక్క స్థానంలో నిలబడి వంగి దండం పెడతాడు. స్టేడియం మొత్తం ఊగిపోతుంది. నాలుగేళ్ళు ఆ బాకా మోసేది ఆ అర నిమిషం కోసమే అంటే అతిశయోక్తి కాదు. ఆ బ్యాండులో ఉన్నవాడు కూడా ప్రతి ఏడూ మళ్ళీ పరీక్ష ఇచ్చి నెగ్గాలి. బయట ఉన్నవాడు లోపలివాడిని సవాలు చేసి చోటు లాక్కోవచ్చు. మన అప్రైజలే నయం :)

ఇంకో తమాషా. 1934 నుంచి ఆ బ్యాండులో ఇత్తడి వాయిద్యాలూ డ్రమ్ములూ తప్ప వేరేవి లేవు. క్లారినెట్ అసలే లేదు. మా దగ్గర క్లారినెట్ లేకుండా మేళమే లేదు.

ఇక మన కథ. కంటోన్మెంట్లలో పటాలం బ్యాండు చూసి రాజులు, నవాబులు తామూ బ్యాండ్లు పెట్టుకున్నారు. నిజాం సైన్యానికీ ఉండేవి. పటాలం నుంచి బయటికొచ్చిన వాళ్ళు, వాళ్ళ దగ్గర నేర్చుకున్న వాళ్ళు ఊళ్ళలో సొంత మేళాలు కట్టారు. మీరట్‌లో 1885లో పుట్టిన నాదిర్ అలీ కంపెనీ, దాని చుట్టుపక్కల జలీ కోఠీ దుకాణాలు దేశం మొత్తానికీ బూరలూ డ్రమ్ములూ అందించే స్థాయికి ఎదిగాయి. పెళ్ళి ఊరేగింపు అంటే అప్పటిదాకా సన్నాయి, డోలు, డప్పు. పెళ్ళికొడుకు ఒక్కరోజు రాజు కదా, మరి రాజు ముందు నడిచేది పటాలం బ్యాండే కదా! ఆ లెక్కన ఎర్రకోటు మన పెళ్ళిళ్ళలోకి నడిచి వచ్చింది. గ్రెగరీ బూత్ అనే ఆయన దేశం తిరిగి ఈ మేళాల మీద 2005లో 'బ్రాస్ బాజా' అని ఒక పుస్తకమే రాశారు. వాయించే వాళ్ళలో ఎక్కువ మంది కింది కులాల వాళ్ళు, ముస్లింలు అని అందులో ఉంటుంది. దాన్ని చూడటానికి నాకు పుస్తకం అక్కర్లేదు, మా వీధి చాలు.

హైదరాబాదుకి ఇంకో ప్రత్యేకత ఉంది. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకి చేరిన ఆఫ్రికన్ గుర్రపు దళం వాళ్ళు, అంటే ఇప్పటి ఏసీ గార్డ్స్ సిద్దీలు, మర్ఫా వాయిస్తారు. మనం నిమజ్జనంలో ఊగిపోయే తీన్‌మార్ దెబ్బకి మూలం ఆ మర్ఫాయే అంటారు. అంటే హాస్టల్లో ఫ్రెషర్స్ డే నాడు మనం వేసిన స్టెప్పులో ఆఫ్రికా కూడా ఉందన్నమాట.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - ఈ మూడు ఊళ్ళూ ఒకప్పుడు ఒకే నల్గొండ జిల్లా. 2016 అక్టోబరులో సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి పోయాయి, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. మా చుట్టరికాలన్నీ ఈ మూడింటి మధ్యే తిరుగుతాయి కాబట్టి మేళాలు కూడా అట్లాగే తిరిగేవి. సాగర్ ఎడమ కాలువ నీళ్ళొచ్చి, మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు లేచాక పెళ్ళిళ్ళు ఘనంగా చేసేవాళ్ళు పెరిగారు. చిన్నప్పుడు నేను చూసిన బరాత్ ఇప్పటికీ కళ్ళముందుంది. ముందు పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు, మధ్యలో మేళం, వెనకాల పూల జీపు. 1954 నాటి నాగిన్ సినిమాలో పాము బూర వరస వచ్చిందంటే చాలు, మా బాబాయిలు జేబురుమాలు నోట్లో పెట్టుకుని రోడ్డు మీద పడగ విప్పేవాళ్ళు. ఆ సినిమాలో ఆ బూర చప్పుడు నిజానికి బూరదే కాదు, కల్యాణ్‌జీ ఒక చిన్న కరెంటు వాయిద్యం మీద వాయించింది. దాన్ని మా వాళ్ళు క్లారినెట్ మీద దింపారు.

అయితే ఏ వాయిద్యం ఎవరు వాయించాలో మా దగ్గర ముందే రాసిపెట్టి ఉంటుంది. మండపంలో సన్నాయి, డోలు - నాయీబ్రాహ్మణులు. ఐరేండ్ల కుండలకి, పోచమ్మ దగ్గరికి, సావుకి డప్పు - మాదిగలు. పెద్దగట్టు మీద లింగమంతుల సామి దగ్గర భేరీలు, గజ్జెల లాగులు - యాదవులు. ఈ మూడో దాంట్లో మాత్రం కులం మొత్తం తనకోసం తను వాయించుకుంటుంది. దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే ఆ జాతర (కిందటిసారి 2025 ఫిబ్రవరిలో అయింది) చూసిన వాళ్ళకి తెలుస్తుంది. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంటే, గజ్జెల లాగులు కట్టిన మనుషులు గుంపులు గుంపులుగా భేరీ దెబ్బకి అడుగు కలిపి 'ఓ లింగా' అంటూ గుట్టెక్కుతుంటారు. ఒహాయో స్టేడియానికి దగ్గరి చుట్టం మా దగ్గర ఏదైనా ఉందంటే అదే. అక్కడ వాయించేవాడు కూలివాడు కాదు, జాతర చేసేవాడే.

డప్పు సంగతి వేరు. దొరల కాలంలో అది వెట్టి. చాటింపు వెయ్యాలన్నా, ఊరేగింపు ముందు నడవాలన్నా పిలిస్తే రావాలి, పైసలడగొద్దు. 1946-51 రైతాంగ పోరాటం ఈ సూర్యాపేట పల్లెల్లో అంత బలంగా లేవడానికి వెట్టి ఒక పెద్ద కారణం. వెట్టి పోయింది కానీ, ఆ దెబ్బ వినపడగానే "ఎవరో" గుర్తుకు రావడం పోలేదు.

బడిలో నేను ఆగస్టు 15 బ్యాండులో చిన్న డ్రమ్ము వాయించేవాడిని. నాకు తాళం అంతంతమాత్రం, కానీ తెల్లబూట్లు ఉన్నాయి కాబట్టి తీసుకున్నారు. మా క్లాసులో ఒకడికి తాళం వేళ్ళల్లోనే ఉండేది. బెంచీ మీద వాడు రెండు పెన్సిళ్ళతో కొడితే క్లాసంతా కాళ్ళు కదిపేది. వాళ్ళ నాయిన డప్పు కొట్టేవాడు. డ్రిల్లు సారు "నీకైతే నేర్పే పని లేదు, రేపట్నుంచి బ్యాండుకి రా" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. వాడు తల దించుకుని, "నేను రాను సార్" అన్నాడు. తర్వాత నన్ను పక్కకి తీసుకెళ్ళి ఒకే మాటన్నాడు: "ఇంటికాడ అదేనాయె, బడిల గూడ అదేనా?"

నాకప్పుడు అర్థం కాలేదు. డ్రమ్ము నాకు మార్కు, వాడికి మచ్చ. ఒకే తోలు, ఒకే పుల్లలు.

మేళానికి కష్టకాలం ఒక్కసారిగా రాలేదు, వెర్షన్లు వెర్షన్లుగా వచ్చింది. మొదట పెట్రోమాక్సులు పోయి జనరేటరు బండి వచ్చింది. జనరేటరు వచ్చింది కదా అని దాని మీద మైకు, క్యాషియో, ప్యాడ్లు ఎక్కాయి. ప్యాడ్ బ్యాండ్ అన్నారు. పన్నెండు మంది చేసే పని నలుగురు చేశారు. తర్వాత డీసీఎం నిండా స్పీకర్లు పేర్చుకుని డీజే దిగింది. ఇక నలుగురు కూడా అక్కర్లేదు, ఒక ల్యాప్‌టాప్ చాలు. మన ఆటోమేషన్ ప్రాజెక్టుల్లో స్లైడు మీద 'శ్రమ తగ్గింపు' అని రాస్తాం కదా, తగ్గినవాళ్ళు ఎలా ఉంటారో నేను దగ్గర్నుంచి చూసింది ఇక్కడే.

2012లో మా చెల్లెలి లగ్గం. మా నాయిన ఎప్పటి అలవాటు ప్రకారం సూర్యాపేట మేళానికి బయానా ఇచ్చేశాడు. నేనేమో అమెరికా చూసొచ్చిన వాడిని కదా, ఫ్రెండ్స్ ముందు తక్కువ కావొద్దని కోదాడ నుంచి డీజే మాట్లాడాను. బరాత్ మొదలైంది. మేళం వాళ్ళు రెండు పాటలు వాయించారో లేదో డీజే ఆన్ అయింది. పాపం వాళ్ళు ఆపలేదు. బుగ్గలు ఉబ్బుతున్నాయి, వేళ్ళు ఆడుతున్నాయి, చప్పుడు మాత్రం వినపడట్లేదు. టీవీ మ్యూట్‌లో పెట్టినట్టుంది. చివరికి నేనే వెళ్ళి, "తాతా, ఇంక చాలు, ఆపేయండి" అన్నాను క్లారినెట్ వాయించే పెద్దాయనతో.

ఆయన బూర దించి, మూతి తుడుచుకుని అన్నాడు: "ఆపమంటె ఆపుతం బిడ్డా. బయానా వాపసియ్యమంటె మాత్రం మాతోని గాదు."

నేను అడగబోయింది డబ్బులు కాదు. కానీ ఆయనకి మా మీద ఉన్న అంచనా అది. వాళ్ళు కోట్లు విప్పి, మడతపెట్టి సంచిలో పెట్టుకుని, వంటలు చేసిన చోట వెనకవైపు కూర్చుని తిని, రోడ్డు మీద బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆఖరి బంతి కూడా లేచాక తిన్నారు. అది ఎవరూ ప్రత్యేకంగా చెప్పి చేయించింది కాదు, అలవాటు. అలవాటని తెలిసీ నేను నోరెత్తలేదు.

అమెరికాలో అందరూ బ్యాండు వాళ్ళని నెత్తిన పెట్టుకుంటారని కూడా అనుకోకండి. ఒహాయో స్టేట్ బ్యాండులోకి మొదటిసారి ఆడపిల్లల్ని రానిచ్చింది 1973లో, అదీ చదువుల్లో ఆడా మగా తేడా చూపొద్దని 1972లో చట్టం వచ్చాక. అదే బ్యాండులో పాతుకుపోయిన వెకిలి సంప్రదాయాలు బయటపడి 2014లో డైరెక్టరునే తీసేశారు. సంప్రదాయం పేరుతో చెత్త పోగుపడటం మన సొత్తేం కాదు.

నాకు ఎక్కువ దగ్గరగా అనిపించింది ఫ్లోరిడాలో నల్లజాతి వాళ్ళ యూనివర్సిటీ - ఫ్లోరిడా ఏ అండ్ ఎం - కథ. విలియం ఫోస్టర్ అనే ఆయన కాన్సాస్ యూనివర్సిటీలో సంగీతం చదివారు. నల్లవాళ్ళకి కండక్టరు ఉద్యోగాలుండవని అక్కడి డీనే ముఖం మీద చెప్పారట. ఆయన 1946లో ఫ్లోరిడా వచ్చి 'మార్చింగ్ హండ్రెడ్' అనే బ్యాండుని పెంచారు. పటాలం నడక పోయి మోకాళ్ళు ఛాతీ దాకా లేచే నడక వచ్చింది, నాట్యం వచ్చింది, రేడియోలో వచ్చే పాటలు వచ్చాయి. నల్లజాతి కాలేజీల ఆటల్లో హాఫ్‌టైమ్‌కి జనం లేవరు, హాఫ్‌టైమ్ అయ్యాక లేస్తారు అని సరదాగా అంటారు. 1967లో మొదటి సూపర్ బౌల్ హాఫ్‌టైమ్‌లో వాయించింది కాలేజీ బ్యాండ్లే, అందులో ఒకటి నల్లజాతి కాలేజీ గ్రాంబ్లింగ్ వాళ్ళది. 1993లో మైకేల్ జాక్సన్ వచ్చాక ఆ వేదిక సినీతారల్లాంటి గాయకులదైపోయింది. అక్కడి డీజే అదన్నమాట. కానీ కాలేజీ మైదానాల్లో మాత్రం బ్యాండు నిలబడింది. 1989లో ఫ్రెంచి విప్లవం ద్విశతాబ్ది కవాతులో పారిస్ వీధుల్లో అమెరికా తరఫున నడిచింది ఫోస్టర్ బ్యాండే. అదే బ్యాండులో 2011లో తోటి బ్యాండు సభ్యులు కొట్టిన దెబ్బలకి ఒక విద్యార్థి ప్రాణం పోయి, 2013 దాకా బ్యాండునే ఆపేశారు. ఆ సంగతి కూడా చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

మన దగ్గర అలాంటి మలుపు తిరిగింది బ్యాండు కాదు, డప్పు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం డప్పునే జెండా చేసుకుంది. ఏ వాయిద్యం వల్ల తల దించుకున్నారో దాన్నే భుజానికి తగిలించుకుని ఊరేగారు. పేర్ల పక్కన కులం పేరు చేర్చుకున్నారు. ఆ ఉద్యమం అడిగిన వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పిచ్చింది, తెలంగాణలో 2025 ఏప్రిల్లో అమల్లోకి వచ్చింది. ఈలోపు 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం డప్పుని తెలంగాణ ఉద్యమం మొత్తానికీ దరువు చేసింది. 2009 తర్వాత కాలేజీ పిల్లలు కులంతో పనిలేకుండా సిర్ర, సిటికెన పుల్ల పట్టడం నేర్చుకున్నారు. మన కాలేజీ బ్యాండు అంటూ ఒకటి పుట్టిందంటే అప్పుడే పుట్టింది. దానికి హాఫ్‌టైమ్ లేదు, రాస్తారోకో ఉంది.

2011 సకల జనుల సమ్మె రోజుల్లో సెలవు మీద ఊరికొచ్చాను. సూర్యాపేటలో హైవే మీద (అప్పట్లో తొమ్మిదో నంబరు, ఇప్పుడు 65) గడ్డి మంట మీద డప్పు కాస్తూ మా పెన్సిళ్ళ దోస్తు కనపడ్డాడు. అప్పటికే టీచరయ్యాడు. బ్యాండుకి రానన్నవాడివి ఇదేంటని అడిగాను.

"అప్పుడు కొట్టమన్నరు. ఇప్పుడు నేనే కొడ్తున్న" అన్నాడు.

బ్యాండు మేళానికి మాత్రం అలాంటి రోజు రాలేదు. దాని వెనక ఒక్క కులం లేదు, ఉద్యమం లేదు, కాలేజీ లేదు. అందుకే చప్పుడు లేకుండా పోతోంది. చప్పుడు మీద నిబంధనలు 2000లోనే వచ్చాయి. ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, పది దాటితే మైకులు బంద్. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు. ఇలాంటి వార్త చూసినప్పుడల్లా మేళాలకి మళ్ళీ గిరాకీ వస్తుందేమోనని ఆశ.

ఆ ఆశతోనే మొన్న మిర్యాలగూడలో మా బాబాయి కొడుకు లగ్గానికి నేను మొండికేశాను. డీజే వద్దు, ఎదుర్కోళ్ళప్పుడు అరగంట మేళం, జనం కుర్చీల్లో కూర్చుని వినాలి. అందరూ నవ్వారు. బ్యాండ్ మాస్టర్ కుర్రాడే, పగలు సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. క్లారినెట్ వాయించే మనిషి తన దగ్గర లేడు, కోదాడ నుంచి ఒకాయన్ని పిలిపిస్తానన్నాడు. రేటు మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేస్తాడనుకుంటే ఆగాడు.

"అన్నా, ఒక్కటడుగుత ఏమనుకోకు. మమ్మల్ని ఏ బంతిల కూసోబెడ్తరు? లాస్టు బంతైతె జెప్పు, ఇంటికాడ్నే తినొస్తం."

మొదటి బంతి అన్నాను.

వచ్చారు, అరగంటకి పది నిమిషాలు ఎక్కువే వాయించారు. పాము బూర వరస వచ్చినప్పుడు అరవై దాటిన మా బాబాయి జేబురుమాలు తీశాడు. తర్వాత నేను వాళ్ళని తీసుకెళ్ళి మగపెళ్ళివాళ్ళ పక్కనే కూర్చోబెట్టాను. చుట్టాల్లో ఒకాయన "ఇప్పుడెందుకురా ఇది" అని గొణిగాడు. ఇద్దరు లేచి వేరే వరసలోకి మారారు కూడా. పన్నెండు మందీ ఎర్రకోట్లు విప్పకుండానే తిన్నారు. కోదాడ నుంచి వచ్చిన పెద్దాయన క్లారినెట్ కింద పెట్టలేదు, తిన్నంతసేపూ ఒళ్ళోనే పెట్టుకున్నాడు.